సైట్‌లో కారౌసెల్ పెట్టుకోవడం: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో ఉంటూ చిన్న చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేస్తుంటాను. కొత్తవాడలో జంపఖానాలు అమ్మేవాళ్ళు, కాజీపేటలో ఫోటో స్టూడియో నడిపేవాళ్ళు, నర్సంపేట వైపు పూలమొక్కల నర్సరీ పెట్టినవాళ్ళు, ఎవరికి చేసినా మధ్యలో ఒక మాట తప్పకుండా వస్తుంది: "ఫోటోలు పక్కకు జరిగేటట్టు పెట్టు అన్నా." దాన్నే కారౌసెల్ అంటారు. సొంతంగా ఎలిమెంటార్ (వర్డ్‌ప్రెస్ సైట్లలో కోడ్ రాయకుండా పేజీలు కట్టే సాధనం) లాంటి బిల్డర్‌తో సైట్ కట్టుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా ఇదే విషయం మీద ఫోన్ చేస్తుంటారు. పదే పదే వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

కారౌసెల్, స్లైడర్, గ్యాలరీ మూడూ ఒకటేనా?

వాడుకలో అన్నిటినీ స్లైడర్ అనేస్తాం. పనిలోకి దిగాక తేడా తెలిసి ఉండటం మంచిది. గ్యాలరీలో ఫోటోలన్నీ ఒకేసారి పరిచినట్టు కనిపిస్తాయి. స్లైడర్‌లో ఒకసారికి ఒక్కటే, తెర వెడల్పంతా నిండి ఉంటుంది. కారౌసెల్‌లో రెండు మూడు కార్డులు పక్కపక్కన ఉంటాయి, మిగతావి జరిపితే వస్తాయి.

చేర్యాల నకాశీ పటం చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పొడవాటి బట్ట మీద కథంతా గడులు గడులుగా గీసి ఉంటుంది. కథ చెప్పేవాళ్ళు ఘట్టం వచ్చేకొద్దీ పటం విప్పుతూ పోతారు. చుట్టలో ఎంత కథ ఉన్నా కళ్ళ ముందుండేది ఆ కాస్తే. కారౌసెల్ చేసే పనీ అదే. కాకపోతే ఇక్కడ పటం విప్పే చెయ్యి చూసేవాళ్ళది. కింద నేను చెప్పే సలహాల్లో సగం ఈ ఒక్క తేడా నుంచి పుట్టినవే.

మరి "కస్టమ్" అంటే?

బిల్డర్‌తో వచ్చే మామూలు విడ్జెట్ (పేజీలోకి లాగి పెట్టుకునే రెడీమేడ్ ముక్క) ఫోటోలను వరుసగా జరుపుతుంది, అంతే. మనకు కావాల్సింది అంతకంటే ఎక్కువ ఉంటుంది: ఫోటో కింద జంపఖానా కొలత, ధర, వాట్సాప్ బటన్, మూలన "కొత్తది" అనే చిన్న పట్టీ. ఇలా కార్డు లోపల ఏముండాలో, ఎలా కనిపించాలో మనమే నిర్ణయించుకుంటే అది కస్టమ్ కారౌసెల్.

అసలు నా సైట్‌కి ఇది అవసరమా?

నేను మొదట అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలోని నోటర్ డామ్ యూనివర్సిటీ సైట్‌లో పనిచేసిన ఎరిక్ రన్యన్ తమ హోమ్ పేజీ కారౌసెల్ లెక్కలు 2013లో బయటపెట్టారు. వచ్చినవాళ్ళలో దాని మీద నొక్కింది దాదాపు 1 శాతం. ఆ నొక్కినవాటిలోనూ 80 శాతానికి పైగా మొదటి స్లైడ్ మీదే. అది యూనివర్సిటీ సైట్, మనవి దుకాణాలు, కాబట్టి అంకెలు అచ్చంగా అలాగే ఉండాలని లేదు. కానీ రెండో స్లైడ్ దాకా వెళ్ళేవాళ్ళు తక్కువ అన్న సంగతి నేను చేసిన ప్రతి సైట్‌లోనూ చూశాను.

అందుకని ఒక కొలత పెట్టుకున్నాను. చూడకపోతే కస్టమర్‌కు నష్టం జరిగే విషయాన్ని కారౌసెల్‌లో పెట్టను. ఫోన్ నంబర్, దుకాణం అడ్రస్, అడ్మిషన్ల చివరి తేదీ, డెలివరీ ఛార్జీలు పేజీలో కదలకుండా ఉండాలి. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫీజు రాయితీ గడువును నాలుగో స్లైడ్‌లో పెట్టించుకున్నారు. గడువు అయిపోయాక తల్లిదండ్రులు ఫోన్ చేసి "మాకు కనపడలేదు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు.

ఒకే రకం వస్తువులు చాలా ఉండి, అందులో ఏది ముందు చూసినా ఫరవాలేదనుకుంటే కారౌసెల్ చక్కగా పనికొస్తుంది. పన్నెండు రకాల జంపఖానాలు, పెళ్ళి ఆల్బమ్ నమూనాలు, కస్టమర్ల అభిప్రాయాలు, రామప్ప, లక్నవరం, వేయిస్తంభాల గుడి కలిపి చూపించే టూర్ ప్యాకేజీలు, ఇలాంటివి.

ఎలిమెంటార్ ఉచిత వెర్షన్ సరిపోతుందా, ప్రో కొనాలా?

ఫోటోలు మాత్రమే చూపించాలంటే ఉచితం చాలు. అందులో ఇమేజ్ కారౌసెల్ అనే విడ్జెట్ ఉంది. ప్రోలో మీడియా కారౌసెల్, టెస్టిమోనియల్ కారౌసెల్, లూప్ కారౌసెల్, ఒక్కో స్లైడ్‌లో ఏ విడ్జెట్ అయినా పెట్టుకోగల కారౌసెల్ వస్తాయి. వస్తువులు పదికి మించి ఉండి నెలనెలా మారుతుంటే ప్రో తీసుకోండి, శ్రమ తగ్గుతుంది. ఐదారు కార్డులు, ఏడాదికి ఒకసారి మార్పు అంటే డబ్బు పెట్టొద్దు. ప్రో లేకుండా చేసే దారి కింద చెప్పాను.

ఉచిత విడ్జెట్‌తో మొదటి కారౌసెల్ ఎలా పెట్టాలి?

పేజీని ఎలిమెంటార్‌లో తెరిచి, ఎడమ వైపు ప్యానెల్‌లో ఇమేజ్ కారౌసెల్ వెతికి పేజీలోకి లాగండి. ఫోటోలు ఎంచుకునేటప్పుడు వరుస కూడా అక్కడే సరిచేసుకోవచ్చు. అన్నిటికంటే బాగా అమ్ముడుపోయేది మొదట ఉండాలి.

"స్లైడ్స్ టు షో" అంటే ఒకసారికి ఎన్ని కనిపించాలి అని. కంప్యూటర్‌కు 3, ట్యాబ్లెట్‌కు 2, ఫోన్‌కు 1 పెట్టండి. ఆ సెట్టింగ్ పక్కనే చిన్న కంప్యూటర్ బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఒక్కో పరికరానికి వేరే అంకె ఇవ్వొచ్చు. చాలామంది ఆ బొమ్మను గమనించరు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. "స్లైడ్స్ టు స్క్రోల్" 1 ఉంచండి. ఒక్కసారి జరిపితే మూడు దాటిపోవడం చూసేవాళ్ళకు అయోమయం. నావిగేషన్‌లో బాణాలు, చుక్కలు రెండూ ఉంచండి. ఆటోప్లే, అంటే స్లైడ్లు వాటంతటవే జరగడం, ఆపేయండి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక ఫేడ్ ఎఫెక్ట్ (ఒక ఫోటో మసకబారి ఇంకోటి రావడం) పెట్టాలని చూసి అది కనపడక కంగారు పడతారు. ఒకసారికి ఒక్క ఫోటో చూపించినప్పుడే ఆ ఆప్షన్ వస్తుంది.

ఒక్కో ఫోటోకు ఒక్కో లింక్ ఇవ్వలేకపోతున్నాను. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

లేదు. ఉచిత ఇమేజ్ కారౌసెల్‌లో కస్టమ్ లింక్ ఇస్తే అన్ని ఫోటోలకూ అదే వర్తిస్తుంది. విడివిడి లింకులు కావాలంటే ప్రోలోని మీడియా కారౌసెల్ వాడాలి, లేదా సొంత కార్డులు చేసుకోవాలి.

లూప్ కారౌసెల్ అంటే ఏమిటి? ధరతో సహా కార్డులు వస్తాయా?

వస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మగ్గం మీద ఒకసారి నమూనా కుదిరితే అదే నమూనాలో ఎన్ని జంపఖానాలైనా నేయొచ్చు కదా. లూప్ కూడా అంతే. కార్డు నమూనా ఒక్కటి తయారుచేస్తాం. వస్తువుల వివరాలు వేరే చోట దాచి ఉంచుతాం. ఎన్ని వస్తువులుంటే అన్ని కార్డులను బిల్డరే తయారుచేసుకుంటుంది.

ముందు వివరాలు దాచే చోటు. వర్డ్‌ప్రెస్‌లో మామూలు పోస్టుల పక్కన "జంపఖానాలు" అని కొత్త పోస్ట్ టైప్ (ఒక రకం పోస్టులకు వేరే అర) పెట్టుకోండి. అడ్వాన్స్‌డ్ కస్టమ్ ఫీల్డ్స్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్‌లోనే ఇది కుదురుతుంది. దానికి కొలత, ధర, వాట్సాప్ లింక్ అనే మూడు ఫీల్డులు జోడించండి. ఇక ప్రతి జంపఖానాకు ఒక పోస్ట్: పేరు, ఫీచర్డ్ ఇమేజ్ (ఆ పోస్ట్ ముఖ్య ఫోటో), ఆ మూడు ఫీల్డులు.

తర్వాత థీమ్ బిల్డర్‌లో లూప్ ఐటమ్ టెంప్లేట్ తెరవండి. ఫోటో పెట్టి, దాని పక్కనున్న డైనమిక్ గుర్తు (వివరాలను పోస్ట్ నుంచి తెచ్చేది) నొక్కి ఫీచర్డ్ ఇమేజ్ ఎంచుకోండి. హెడింగ్ పెట్టి పోస్ట్ టైటిల్‌కు, ధరను ధర ఫీల్డుకు, బటన్ లింకును వాట్సాప్ లింక్ ఫీల్డుకు కలపండి. టెంప్లేట్‌లో ఏ అక్షరమూ చేత్తో టైప్ చేయకండి. "రూ." అన్న గుర్తు కూడా డైనమిక్ సెట్టింగ్స్‌లో "బిఫోర్" (ముందు) అన్న చోట ఇస్తేనే బాగుంటుంది.

ఆఖరున పేజీలో లూప్ కారౌసెల్ విడ్జెట్ పెట్టి, ఆ టెంప్లేట్ ఎంచుకుని, క్వెరీలో (ఏ పోస్టులు రావాలో చెప్పే చోట) "జంపఖానాలు" చూపించండి. అయిపోయింది.

దీని అసలు లాభం ఆ తర్వాత తెలుస్తుంది. ధర మారితే యజమాని ఆ ఒక్క పోస్ట్ తెరిచి అంకె మార్చుకుంటారు. ఎలిమెంటార్ తెరిచే పనే లేదు, డిజైన్ పాడవుతుందన్న టెన్షన్ లేదు. కొత్తవాడలో నేను ఇలా చేసిచ్చిన దుకాణంలో ఇప్పుడు వాళ్ళ అమ్మాయి ఫోన్ నుంచే కొత్త డిజైన్లు ఎక్కిస్తోంది. నాకు ఫోన్ రావడం మానేసింది, దానికంటే సంతోషం ఏముంటుంది!

వాట్సాప్ బటన్ నొక్కగానే ఆ వస్తువు పేరుతో మెసేజ్ వెళ్ళాలంటే?

లింక్‌లో డబ్ల్యూఏ డాట్ మీ తర్వాత ఏటవాలు గీత, ఆపై 91తో మొదలయ్యే మీ నంబర్ ఉండాలి. ప్లస్ గుర్తు, ముందు సున్నా, మధ్యలో ఖాళీలు ఏవీ ఉండకూడదు. ఆ తర్వాత ప్రశ్న గుర్తు, ఇంగ్లీషులో టెక్స్ట్ అన్న మాట, సమానం గుర్తు, ఆపై మీ మెసేజ్. మెసేజ్‌లో ఖాళీ వచ్చిన ప్రతిచోటా శాతం గుర్తు వేసి 20 రాయాలి. "నీలం జంపఖానా, 4 బై 6 కావాలి" అని ముందే నిండి ఉన్న మెసేజ్ వస్తే కస్టమర్ పంపితే చాలు. దుకాణం వాళ్ళకు "ఏ డిజైనమ్మా?" అని తిరిగి అడిగే పని తప్పుతుంది.

ప్రో కొనలేను. చేతితో చేసుకునే దారి ఉందా?

ఉంది, ప్లగిన్ కూడా అక్కర్లేదు. బ్రౌజర్లకే పక్కకు జరిపి ఆపే శక్తి ఉంది. దాన్ని స్క్రోల్ స్నాప్ అంటారు.

ఎలిమెంటార్‌లో ఒక కంటైనర్ (మిగతా ముక్కలను పట్టి ఉంచే పెట్టె) పెట్టి దిశ అడ్డంగా ఇవ్వండి, కార్డులు రెండో వరుసలోకి దిగకుండా "నో వ్రాప్" చేయండి. అందులో ఒక్కో కార్డుకు ఒక్కో చిన్న కంటైనర్: ఫోటో, పేరు, ధర, బటన్. ఒకటి పూర్తిగా చేసి మిగతావి కాపీ కొట్టుకోవడం సులువు. పెద్ద కంటైనర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో సీఎస్ఎస్ (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) క్లాసెస్ అన్న చోట ఒక పేరు ఇవ్వండి. అక్కడ పేరు ముందు చుక్క పెట్టకూడదు. చుక్క సీఎస్ఎస్ రాసేటప్పుడే.

ఇక సీఎస్ఎస్ నాలుగు ముక్కలు. పెద్ద కంటైనర్‌కు ఓవర్‌ఫ్లో-ఎక్స్ విలువ ఆటో, స్క్రోల్-స్నాప్-టైప్ విలువ ఎక్స్ మ్యాండేటరీ. లోపలి కార్డులకు ఫ్లెక్స్ విలువ 0 0 80%, స్క్రోల్-స్నాప్-అలైన్ విలువ స్టార్ట్. ఆ 80% అంటే ఫోన్ తెరలో ఐదింట నాలుగు వంతులు ఒక కార్డు, మిగిలిన వంతులో తర్వాతి కార్డు అంచు తొంగిచూస్తుంది. కంప్యూటర్‌కు మీడియా క్వెరీ (తెర వెడల్పును బట్టి పనిచేసే షరతు) పెట్టి దాన్ని 30%కి తగ్గించండి. ఉచిత వెర్షన్‌లో ఒక్కో ఎలిమెంట్‌కు కస్టమ్ సీఎస్ఎస్ రాసే చోటు ఉండదు కాబట్టి, అదే పేజీలో హెచ్‌టీఎంఎల్ విడ్జెట్ పెట్టి స్టైల్ ట్యాగ్ లోపల రాయండి.

ఇందులో జావాస్క్రిప్ట్ (పేజీలో కదలికలు నడిపే కోడ్) ఒక్క అక్షరం కూడా లేదు. అందుకే సిగ్నల్ సరిగా లేని ఊళ్ళలోనూ వెంటనే పనిచేస్తుంది. బాణాలు ఉండవన్నది ఒక లోటు. ఫోన్‌లో వేలితో జరుపుతారు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, మౌస్ వాడేవాళ్ళకు మాత్రం కొంచెం కష్టం. 2025లో వచ్చిన క్రోమ్ 135 నుంచి బాణాలు, చుక్కలు కూడా సీఎస్ఎస్‌తోనే పెట్టే వీలు మొదలైంది. కానీ అన్ని బ్రౌజర్లలో ఉందనుకుని దాని మీదే ఆధారపడకండి.

ఆటోప్లే ఎందుకు వద్దంటారు? కదిలితేనే కదా అందంగా ఉండేది?

అందంగానే ఉంటుంది, చదివేవాళ్ళకే ఇబ్బంది. నేను మొదట్లో చేసిన సైట్లలో ఐదు స్లైడ్లు, మూడు సెకన్లకొకటి తిరిగేలా పెట్టేవాణ్ణి. ఒక బట్టల దుకాణంలో సైట్ చూపిస్తుంటే యజమాని వాళ్ళ నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని ధర చదవబోయారు. చదివేలోపు స్లైడ్ వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చేదాకా ఆగారు, మళ్ళీ వెళ్ళిపోయింది. మూడోసారి ఫోన్ పక్కన పెట్టేశారు. ఆ రోజు సాయంత్రమే ఆ ఆటోప్లే తీసేశాను.

తెలుగు చదవడంలో అందరి వేగం ఒకటి కాదు. పెద్దవాళ్ళు, కొత్తగా చదువు నేర్చుకున్నవాళ్ళు, చూపు మందగించినవాళ్ళు మన కస్టమర్లే. వెబ్ యాక్సెసిబిలిటీ (సైట్‌ను అందరూ వాడగలగాలనే) నియమాల్లో కూడా ఒక మాట ఉంది. దానంతట అదే మొదలై 5 సెకన్లకు మించి, వేరే విషయంతో పాటు కదిలే ఏదైనా సరే, దాన్ని ఆపే వీలు చూసేవాళ్ళకు ఇవ్వాలి. మౌస్ పెడితే ఆగుతుంది కదా అంటారు, ఫోన్‌లో మౌస్ ఎక్కడుంది?

యజమాని పట్టుబట్టి కావాలంటే వేగం కనీసం 7 సెకన్లు పెడతాను, ముట్టుకోగానే ఆగిపోయే ఆప్షన్ ఆన్ చేస్తాను, కనిపించేలా పాజ్ బటన్ ఇస్తాను. కదలికలు వద్దని ఫోన్ సెట్టింగ్స్‌లో పెట్టుకున్నవాళ్ళకు అసలు తిరగకుండా చేయొచ్చు కూడా. దానికి సీఎస్ఎస్‌లో ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్ అనే షరతు ఉంది. తలతిరుగుడు ఉన్నవాళ్ళు ఆ సెట్టింగ్ పెట్టుకుంటారు, వాళ్ళను గౌరవించడం మన బాధ్యత.

"అన్నా, ఫోన్‌ల సక్కగ కనిపిస్తలేదు." ఏం చూడాలి?

మొదట కార్డుల సంఖ్య. కంప్యూటర్‌కు ఇచ్చిన 3 ఫోన్‌కు కూడా వస్తే ఒక్కో కార్డు తపాలా బిళ్ళంత అవుతుంది. తర్వాత బాణాలు. ఫోటో మీదే కూర్చున్న బాణం జంపఖానా డిజైన్‌ను కప్పేస్తుంది. ఫోన్‌లో బాణాలు కిందికి దించండి, లేదా చుక్కలు మాత్రం ఉంచండి. నొక్కే బటన్లు ఎటు చూసినా కనీసం 24 పిక్సెళ్ళు ఉండాలని ఆ యాక్సెసిబిలిటీ నియమాల్లోనే ఉంది. నేనైతే 44 పెడతాను, పనిచేసి గరుకెక్కిన వేళ్ళకు చిన్న బటన్ అందదు.

అన్నిటికంటే ముఖ్యం, పక్కన ఇంకా ఉన్నాయని తెలియాలి. ఒక కార్డు తెరనిండా నిండిపోతే అక్కడితో అయిపోయిందనుకుంటారు. తర్వాతి కార్డు అంచు కాస్త కనిపించాలి. తలుపు సందులోంచి మనిషి కనిపిస్తే లోపల ఎవరో ఉన్నారని తెలిసినట్టు. లూప్ కారౌసెల్‌లో దీనికి ఆఫ్‌సెట్ సెట్టింగ్ ఉంది.

తెలుగు అక్షరాల ఒత్తులు తెగిపోతున్నాయి. ఎందుకు?

బిల్డర్లలోని రెడీమేడ్ డిజైన్లన్నీ ఇంగ్లీషు అక్షరాల కొలతతో చేసినవి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. "రాష్ట్రం", "స్త్రీ" లాంటి మాటలకు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. కార్డుకు ఇంత ఎత్తు అని గీత గీసి, మించినది దాచెయ్యమంటే ఆ కింది ఒత్తులే ముందు పోతాయి.

కార్డుకు నిర్ణీత ఎత్తు ఇవ్వకండి, కనీస ఎత్తు ఇవ్వండి. లైన్ హైట్ (రాత వరుస ఎత్తు) 1.6కు తగ్గనివ్వకండి, హెడింగులకు కూడా. లెటర్ స్పేసింగ్ సున్నా చేయండి. ఇంగ్లీషులో అందంగా ఉండే ఆ ఎడం తెలుగులో మాటను ముక్కలు ముక్కలుగా చూపిస్తుంది.

ఇక ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, ఎన్‌టీఆర్, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉన్నాయి. మండలి, మల్లన్న లాంటివాటిలో ఒకే మందం ఉంటుంది. వాటికి బోల్డ్ పెడితే బ్రౌజర్ తనే అక్షరాన్ని లావు చేస్తుంది, సున్నాలు పూడుకుపోతాయి. బోల్డ్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు వాడండి, దానికి పలచన నుంచి బాగా మందం వరకు అన్నీ ఉన్నాయి. పెద్ద శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. ఒక పేజీలో రెండు ఫాంట్లు చాలు.

మరో సంగతి. ఫ్లెక్సీ డిజైన్ చేసినట్టు ఫోటో మీదే ధర, పేరు రాసి ఎక్కించేస్తారు. అలా చేయకండి. ఫోన్‌లో ఆ రాత చీమల బారులా కనిపిస్తుంది, గూగుల్‌కు కనిపించనే కనిపించదు, చూపు లేనివాళ్ళ ఫోన్ చదివి వినిపించలేదు. ఫోటో ఫోటోగా, రాత రాతగా ఉండాలి.

కారౌసెల్ పెట్టాక సైట్ నెమ్మదించింది.

పదిలో తొమ్మిది సార్లు ఫోటోలే కారణం. ఫోన్‌తో తీసిన ఫోటో నాలుగైదు ఎంబీ ఉంటుంది. అలాంటివి పన్నెండు ఎక్కిస్తే ములుగు దాటి తాడ్వాయి వైపు వెళ్ళే బస్సులో కూర్చుని చూసే మనిషికి పేజీ తెరుచుకోదు. కార్డు ఫోటోకు 1000 పిక్సెళ్ళ వెడల్పు చాలు. వెబ్‌పీ (ఫోటోను తక్కువ సైజులో దాచే) ఫార్మాట్‌లోకి మార్చి 100 నుంచి 150 కేబీ లోపు ఉంచండి. వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి వెబ్‌పీ నేరుగా ఎక్కుతుంది. విడ్జెట్‌లో ఇమేజ్ రిజల్యూషన్ "ఫుల్" అని వదిలేయకండి.

ఫోటోలన్నీ ఒకే నిష్పత్తిలో, ఉదాహరణకు 4:3లో కత్తిరించుకోండి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే జరిపినప్పుడల్లా కింద రాత ఎగిరిపడుతుంది. గూగుల్ దీన్ని సీఎల్ఎస్ అని కొలుస్తుంది, 0.1 లోపు ఉండాలంటుంది. పేజీలోని పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది ఇంకో కొలత. కారౌసెల్ పేజీ మొదట్లోనే ఉంటే మొదటి ఫోటోకు లేజీ లోడ్ (తెర మీదికి వచ్చే ముందే ఫోటో దించుకోవడం) పెట్టకండి. మిగతావాటికి పెట్టండి. అన్నిటికీ కలిపి పెట్టేస్తే ముందు కనిపించాల్సిందే ఆలస్యమవుతుంది.

ఎడిటర్‌లో బాగుంది, లైవ్ పేజీలో పాడైపోయింది. ఎక్కడ వెతకాలి?

కారౌసెల్ ముట్టుకునేదాకా కదలకపోయినా, ఫోటోలు ఒకదాని కింద ఒకటి పడిపోయినా క్యాష్ ప్లగిన్‌ను (పేజీ కాపీ దాచి వేగంగా చూపించేదాన్ని) అనుమానించండి. జావాస్క్రిప్ట్‌ను ఆలస్యంగా నడిపే ఆప్షన్ ఆన్ అయి ఉంటుంది. దాన్ని ఆపి చూడండి. బాగుపడితే కారౌసెల్ ఫైళ్ళను ఆ జాబితా నుంచి మినహాయించండి. ఎలిమెంటార్ కారౌసెళ్ళు స్వైపర్ అనే లైబ్రరీ (ముందే రాసి ఉంచిన కోడ్) మీద నడుస్తాయి, వెతకాల్సిన పేరు అదే.

డిజైన్ పాతదే కనిపిస్తుంటే ఎలిమెంటార్ టూల్స్‌లో సీఎస్ఎస్ ఫైళ్ళను మళ్ళీ తయారుచేయించి, క్యాష్ ఖాళీ చేయండి.

ట్యాబ్ లోపల పెట్టిన కారౌసెల్ ఖాళీగా కనిపిస్తుందని చాలామంది అడుగుతారు. మూసి ఉన్న ట్యాబ్ వెడల్పు సున్నా కదా, కారౌసెల్ ఆ సున్నాకే తన కార్డులను కొలుచుకుంటుంది. వీలైతే ట్యాబుల్లో పెట్టకండి. తప్పదంటే స్వైపర్‌లో అబ్జర్వర్ ఆప్షన్ (మార్పు గమనించి మళ్ళీ కొలుచుకునేది) ఆన్ చేయాలి.

ఒక్క ఫోటో తెర దాటి ఎక్కడికో సాగిపోయిందంటే ఆ కారౌసెల్ ఉన్న కంటైనర్‌కు మిన్-విడ్త్ 0 ఇవ్వండి. ఈ ఒక్క ముక్క తెలియక నేను ఒక రాత్రంతా కూర్చున్నాను, మీకు ఆ అవస్థ వద్దు.

ఎన్ని కార్డులు పెట్టొచ్చు?

ఐదు నుంచి ఎనిమిది. ఆఖరి కార్డును "అన్నీ చూడండి" అని పూర్తి పేజీకి లింక్ చేయండి. మూడే ఉంటే కారౌసెల్ వద్దు, పక్కపక్కన పెట్టేయండి.

వీడియో పెట్టొచ్చా?

మీడియా కారౌసెల్‌లో యూట్యూబ్ లింక్ ఇవ్వొచ్చు. ఒక్కటి చాలు. నొక్కితేనే మొదలవ్వాలి.

గూగుల్‌లో దొరికిన ఫోటోలు వాడుకోవచ్చా?

వద్దు. అవి ఎవరో తీసినవి, హక్కులు వాళ్ళవి. పైగా కస్టమర్‌కు కావాల్సింది మీ దగ్గరున్న వస్తువు. ఉదయం తొమ్మిది లోపు వాకిట్లో, ఎండ నేరుగా పడని చోట జంపఖానా పరిచి పైనుంచి ఒకటి, అల్లిక దగ్గరగా ఒకటి తీయండి. నేసినవాళ్ళ ఫోటో పెడితే వాళ్ళను అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే పేరు కూడా రాయండి. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానా మీది అయితే ఆ మాట పక్కన కాదు, మొదటి కార్డులోనే ఉండాలి. 1851లో లండన్ మహా ప్రదర్శనకు వరంగల్ తివాచీలు వెళ్ళిన సంగతి కొనేవాళ్ళలో చాలామందికి తెలియదు. ఒక కార్డు దానికి ఇవ్వండి.

చూపు లేనివాళ్ళ కోసం ఏం చేయాలి?

మీడియా లైబ్రరీలో ప్రతి ఫోటోకు ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే చిన్న వివరణ) తెలుగులో రాయండి. "ఐఎంజీ 2034" అని వదిలేస్తే ఫోన్ అదే చదువుతుంది. "ఎరుపు, తెలుపు చారల నూలు జంపఖానా, 4 బై 6 అడుగులు" అని రాస్తే వినేవాళ్ళ మనసులో వస్తువు కనిపిస్తుంది. పేజీ అయ్యాక మౌస్ పక్కనపెట్టి కీబోర్డ్ ట్యాబ్ మీటతోనే బాణాల దాకా, బటన్ల దాకా వెళ్ళగలుగుతున్నారా చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించేది) ఆన్ చేసి ఒకసారి వినండి. ఐదు నిమిషాల పని, చేసినవాళ్ళెవరూ మళ్ళీ ఆల్ట్ టెక్స్ట్ ఖాళీగా వదలరు.

నాది విక్స్, లేదా వెబ్‌ఫ్లో. ఇవన్నీ వర్తిస్తాయా?

బటన్ల పేర్లు మారతాయి. విక్స్‌లో ప్రో గ్యాలరీ, స్లైడ్‌షో ఉన్నాయి. వెబ్‌ఫ్లోలో స్లైడర్ ఎలిమెంట్ ఉంది. స్క్వేర్‌స్పేస్‌లో సమ్మరీ బ్లాక్‌కు కారౌసెల్ అమరిక ఉంది. ఫోటో సైజు, ఒత్తులు, ఆటోప్లే గురించి చెప్పినవి ఎక్కడైనా అవే.

జనం చూస్తున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

వాట్సాప్ లింక్‌లో ఒక్కో కార్డుకు ఒక్కో వస్తువు పేరు పెట్టారు కదా, వచ్చిన మెసేజ్‌లే లెక్క చెప్తాయి. నెల రోజులు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఒక్క మెసేజ్ కూడా రాని కార్డును ముందుకు తెచ్చి ఇంకో నెల చూడండి. అప్పటికీ రాకపోతే ఫోటో మార్చండి, ఆ తర్వాత తీసేయండి. గూగుల్ అనలిటిక్స్ (సైట్ చూసినవాళ్ళను లెక్కపెట్టే సాధనం) పెట్టుకోగలిగితే మంచిదే, కానీ దాని కోసం ఆగక్కర్లేదు.

బతుకమ్మ, దసరా ఆఫర్ కార్డు పెట్టి తీయడం మర్చిపోతుంటాను. దానంతట అది పోయే దారి ఉందా?

లూప్ కారౌసెల్ అయితే ఉంది. ఆఫర్ పోస్టులకు "ముగింపు తేదీ" అనే ఫీల్డు పెట్టి, ఆ తేదీ దాటినవి క్వెరీలో రాకుండా చేయొచ్చు. దానికి కొద్దిగా పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష) కోడ్ కావాలి, తెలిసినవాళ్ళతో ఒకసారి రాయించుకుంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. చేతితో చేసిన కార్డులైతే ఆఫర్ పెట్టిన రోజే తీసే తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. కార్డు మీద కూడా ఆఫర్ ఏ తేదీ దాకా ఉంటుందో స్పష్టంగా రాయండి. సంక్రాంతికి దుకాణానికి వచ్చిన మనిషి దసరా ధర చూపించి అడిగితే, ఆ ధరకే ఇచ్చి పంపండి.